పేగు లోపలి వేడి పూతను పట్టిస్తుందా?

మింగే థర్మామీటరు ఇప్పుడు కొత్త వస్తువేమీ కాదు. వ్యోమగాములు మింగారు, మారథాన్ రన్నర్లు మింగారు. విటమిన్ మాత్రంత ఉండే ఈ క్యాప్సూల్ నోటి దగ్గర మొదలై మలద్వారం దాకా ప్రయాణిస్తూ, దారి పొడవునా ఉష్ణోగ్రతను రేడియో తరంగాల ద్వారా బయటకు పంపుతుంది. అలాంటప్పుడు క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి పేగుపూత జబ్బులున్నవారికి దీన్ని మింగించి, పేగులో ఎక్కడ పూత రగులుతోందో వేడిని బట్టి కనిపెట్టలేమా? కొలనోస్కోపీ బాధ తప్పుతుంది, మలపరీక్షల ఇబ్బందీ తగ్గుతుంది కదా?

వినడానికి ఎంతో సబబుగా ఉన్న ఆలోచన ఇది. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నచోట వేడి ఉంటుందన్నది రెండు వేల ఏళ్ల నాటి వైద్యసూత్రం. అయితే ఆ సూత్రం చర్మానికి వర్తించినట్టు పేగుకు వర్తించదు. ఎందుకు వర్తించదో, అయినా ఈ కొలతకు ఏ మేరకు విలువ ఉందో తెలిస్తే రేపు మార్కెట్లోకి రాబోయే ఇలాంటి పరికరాలను ఏ కళ్లతో చూడాలో తెలుస్తుంది.

అసలు ఏమిటీ జబ్బులు?

ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, పొట్టిగా ఐబీడీ. తెలుగులో పేగుపూత అంటున్నాం. ఇందులో ప్రధానంగా రెండు రకాలు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే పరిమితం. పురీషనాళం దగ్గర మొదలై పైకి పాకుతుంది. పేగు లోపలి పొరలో పుండ్లు పడి నెత్తురు, జిగురుతో విరేచనాలు అవుతాయి. రెండోది క్రోన్స్. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావొచ్చు, కానీ చిన్నపేగు చివరి భాగంలో ఎక్కువ. ఇది పేగు గోడ మొత్తం మందాన్నీ పట్టుకుంటుంది. అందుకే పేగు ఇరుకైపోవడం, పక్క అవయవాలకు దారులు పడటం లాంటి చిక్కులు ఇందులో ఎక్కువ. న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రికి చెందిన బరిల్ క్రోన్, ఇద్దరు సహచరులతో కలిసి 1932లో దీన్ని వివరించారు.

రెండింటిలోనూ రోగనిరోధక వ్యవస్థ పేగు మీదకే తిరగబడుతుంది. రెండూ పూర్తిగా నయమయ్యేవి కావు, అదుపులో ఉంచుకోవాల్సినవి. కొన్నాళ్లు సద్దుమణుగుతాయి, మళ్లీ తిరగబెడతాయి.

ఇవి పాశ్చాత్య దేశాల జబ్బులన్న అభిప్రాయం ఒకప్పుడు ఉండేది. పంజాబ్‌లో ఇంటింటి సర్వే చేసిన లుధియానా వైద్యులు లక్ష మందిలో 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నట్టు 2003లో ప్రకటించారు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు జీర్ణకోశ సమస్యలతో వచ్చిన 30 వేల మందికి పైగా రోగులను పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రచురించారు. పల్లెల నుంచి వచ్చినవారిలోనూ ఈ జబ్బు పట్టణవాసుల స్థాయిలోనే కనబడటం అందులోని ముఖ్య విషయం. అంటే ఇది కార్పొరేట్ ఆసుపత్రికి నడిచి వెళ్లగలిగే వారి సమస్య మాత్రమే కాదు. కొలనోస్కోపీ కోసం వంద కిలోమీటర్లు ప్రయాణించాల్సిన వారి సమస్య కూడా. తేలిగ్గా, చవగ్గా పేగు పరిస్థితి తెలుసుకునే మార్గం కోసం వెతుకులాట అందుకే.

లక్షణాలను నమ్ముకోలేకపోవడమే అసలు చిక్కు

కడుపునొప్పి తగ్గింది, విరేచనాలు కట్టాయి. అయితే పూత తగ్గినట్టేనా? కాకపోవచ్చు. బయటికి ఏ బాధా లేకుండానే లోపల పుండ్లు కొనసాగడం ఐబీడీలో మామూలే. ముఖ్యంగా క్రోన్స్‌లో బాధకూ పుండుకూ పొంతన చాలా తక్కువ. తిరగేసి చూసినా అంతే. పూత పూర్తిగా మానినా కొందరికి కడుపునొప్పి, మాటిమాటికీ విరేచనం ఆగవు. అది ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ తరహా సమస్య. దానికి స్టెరాయిడ్లు వాడితే లాభం లేకపోగా ఎముకలు గుల్లబారడం, షుగర్ పెరగడం లాంటి నష్టాలు మిగులుతాయి.

నిశ్శబ్దంగా సాగే పూతకు మూల్యం ఎక్కువ. క్రోన్స్‌లో పేగు ఇరుకై ఆపరేషన్ దాకా పోవచ్చు. పెద్దపేగులో ఏళ్ల తరబడి పూత ఉంటే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకే బాధ తగ్గితే చాలు అనే ధోరణిని వైద్యులు వదిలేశారు. 2021లో వెలువడిన స్ట్రైడ్-2 అంతర్జాతీయ సిఫార్సులు లక్ష్యాలను వరుసగా నిర్దేశించాయి. ముందు బాధ తగ్గాలి, తర్వాత రక్త, మల పరీక్షల్లోని సూచికలు మామూలు స్థాయికి రావాలి, చివరకు ఎండోస్కోపీలో పుండ్లు మానినట్టు కనిపించాలి.

ఈ లక్ష్యాలను కొలిచే సాధనాలు ఇప్పుడు నాలుగైదు ఉన్నాయి. కొలనోస్కోపీ అన్నిటికన్నా నమ్మకమైనది. కానీ ముందురోజు పేగు శుభ్రం చేసుకోవాలి, మత్తు ఇవ్వాలి, ఖర్చూ ఎక్కువే. నెలనెలా చేసేది కాదు. రక్తంలో సీఆర్‌పీ చవకైన పరీక్ష. అయితే పేగులో పూత ఉన్నా సీఆర్‌పీ మామూలుగానే ఉండేవారు, ముఖ్యంగా అల్సరేటివ్ కొలైటిస్‌లో, ఎందరో. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్‌ను కొలవడం ఇంకా మెరుగైనది. తెల్లరక్తకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్‌లో ఇది దండిగా ఉంటుంది. అవి పేగులోకి చేరినకొద్దీ మలంలో దీని మోతాదు పెరుగుతుంది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే సాధారణం. 250 దాటితే పూత చురుగ్గా ఉందనే అనుమానం బలపడుతుంది. మధ్యలో ఉంటే ఎటూ తేలదు. నొప్పి మాత్రలు వాడినా, మామూలు ఇన్‌ఫెక్షన్ విరేచనాలు వచ్చినా ఇది పెరుగుతుంది. అల్ట్రాసౌండ్‌తో పేగు గోడ మందాన్ని కొలవడం కూడా ఊపందుకుంటోంది. 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి. దీనికి రేడియేషన్ లేదు, ఖర్చు తక్కువ. కానీ చేయి తిరిగిన వైద్యుడు కావాలి.

ఇవన్నీ ఆయా రోజున తీసిన ఫొటోల లాంటివి. రెండు పరీక్షల మధ్య పేగులో ఏం జరిగిందో చెప్పవు. ఉష్ణోగ్రత మీద ఆశ పుట్టింది ఈ ఖాళీలోనే. వేడిని నిమిషనిమిషానికీ కొలవొచ్చు, రక్తం తీయనక్కర్లేదు, ల్యాబు అక్కర్లేదు.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ఇన్‌ఫ్లమేషన్‌కు ఈ నాలుగు లక్షణాలను క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ పేర్కొన్నాడు. ఉష్ణోగ్రత కొలమానానికి పేరిచ్చిన 18వ శతాబ్దపు స్వీడన్ శాస్త్రవేత్త సెల్సియస్ వేరు. గాయమైన వేలు, సెగగడ్డ, కీళ్లవాతంతో ఉబ్బిన మోకాలు, దేన్ని ముట్టుకున్నా వేడి తెలుస్తుంది. సెల్సస్ మాట నిజమే.

అయితే ఆ వేడి ఎక్కడిదని పరికరంతో పరీక్షించినవాడు జాన్ హంటర్. లండన్‌లో పేరుమోసిన సర్జన్. ఆయన చనిపోయిన మరుసటి ఏడు, 1794లో వెలువడిన గ్రంథంలో ఈ ప్రయోగాలున్నాయి. వరిబీజానికి ఆపరేషన్ చేసిన ఒక రోగిలో ఆ తిత్తి లోపల థర్మామీటరు పెట్టి చూస్తే మొదట 92 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంది. మర్నాడు వాపు వచ్చాక దాదాపు 99కి చేరింది. ఏడు డిగ్రీల పెరుగుదల చాలా పెద్దదే. కానీ ఆ 99 అన్నది శరీరం లోపలి మామూలు ఉష్ణోగ్రతే! వృషణాల తిత్తి శరీరం బయట వేలాడుతుంది కాబట్టి చల్లగా ఉంటుంది. వాపు వచ్చినప్పుడు లోపలి వెచ్చటి నెత్తురు అక్కడికి ఎక్కువగా చేరింది, అంతే. వాపు ఉన్నచోట వేడి, రక్తప్రసరణకు మూలమైన చోటి వేడిని దాటిపోదని హంటర్ తేల్చాడు.

పేగు విషయంలో కథంతా ఇక్కడే తిరుగుతుంది. చేతివేళ్లు, పాదాలు, మోకాళ్లు మామూలుగా 28 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటాయి. వాటికి 37 డిగ్రీల నెత్తురు ఎక్కువగా వస్తే వేడెక్కుతాయి. పేగు ముందునుంచే 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడికి వచ్చే నెత్తురూ అంతే. పూత వల్ల రక్తప్రసరణ రెండింతలైనా, వచ్చే నెత్తురుకూ ఉన్న కండరానికీ వేడిలో తేడా లేనప్పుడు కొత్తగా చేరే వేడి దాదాపు సున్నా. వేడినీళ్ల బకెట్‌లో అంతే వేడి నీళ్లు ఎంత పోసినా వేడి పెరగదు కదా. శరీరంలో నెత్తురు మోసే వేడిని లెక్కగట్టడానికి హ్యారీ పెన్నెస్ 1948లో ఇచ్చిన సమీకరణం చెప్పేది కూడా ఇదే. నెత్తురుకూ కణజాలానికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టే వేడి మారకం.

మరి పూత ఉన్నచోట కణాలు సొంతంగా వేడి పుట్టించవా? పుట్టిస్తాయి. న్యూట్రోఫిల్స్ బ్యాక్టీరియా మీద దాడి చేసేటప్పుడు ఆక్సిజన్‌ను విపరీతంగా వాడుకుంటాయి. వాడిన చోట వేడి పుడుతుంది. కానీ పూత వల్ల పెరిగిన రక్తప్రసరణే ఆ వేడిని తోడుకుపోతుంది కూడా. పోటెత్తిన నెత్తురు పేగును కాచే పొయ్యి కాదు, ఒకరకంగా చల్లార్చే రేడియేటర్. అందువల్ల స్థానికంగా ఏదైనా పెరుగుదల ఉన్నా అది చాలా స్వల్పమే అయి ఉండాలి.

జ్వరం సంగతి వేరు

ఇక రెండో రకం వేడి ఉంది. పేగుపూత తీవ్రమైనప్పుడు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ అనే రసాయన సందేశాలు నెత్తుటిలో కలుస్తాయి. అవి మెదడులోని హైపోథలామస్ దగ్గర ప్రోస్టాగ్లాండిన్ ఈ2ను పుట్టించి, శరీరపు థర్మోస్టాట్‌ను పైకి జరుపుతాయి. అదే జ్వరం. అది పేగు ఒక్కదానిదే కాదు, ఒళ్లంతటిదీ.

ఈ వేడికి ఐబీడీ వైద్యంలో 70 ఏళ్లుగా గుర్తింపు ఉంది. ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ట్రూలవ్, విట్స్ 1955లో కార్టిజోన్ ప్రయోగ ఫలితాలు ప్రచురిస్తూ అల్సరేటివ్ కొలైటిస్ తీవ్రతకు కొలబద్ద ఇచ్చారు. రోజుకు 6 లేదా అంతకన్నా ఎక్కువ నెత్తుటి విరేచనాలతో పాటు సాయంత్రాల్లో 37.5 డిగ్రీలు దాటే జ్వరం, 90 దాటిన నాడి, రక్తహీనత, 30 దాటిన ఈఎస్ఆర్ తీవ్రతకు గుర్తులు. ఇప్పటికీ ఆసుపత్రిలో చేర్చుకోవాలా వద్దా అని నిర్ణయించేటప్పుడు ఈ కొలబద్దే ఆధారం.

అంటే ఉష్ణోగ్రత తీవ్రమైన దశను గుర్తిస్తుంది, సందేహం లేదు. కానీ ఆ దశకు చేరాక రోగికి క్యాప్సూల్ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న వంద రూపాయల థర్మామీటరే చెబుతుంది. అవసరమల్లా అంతకు ముందున్న దశను, అంటే నలతగా కూడా అనిపించని పూతను పట్టుకోవడం. చంకలోని కొలతకు అందని అర డిగ్రీ మార్పును లోపలి కొలత పట్టుకోగలదా అన్నదే అసలు ప్రశ్న.

మింగే థర్మామీటరు ఎలా పనిచేస్తుంది?

స్టూవర్ట్ మెకే, బెర్టిల్ జాకబ్‌సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1957లో నేచర్ పత్రికలో తమ ఎండోరేడియోసోండ్‌ను పరిచయం చేశారు. పేగులోని పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ రేడియో ద్వారా బయటికి చెప్పే బుల్లి పరికరమది. 1980ల్లో నాసా సాయంతో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ ప్రయోగశాల మరింత మెరుగైన మాత్రను రూపొందించింది. అందులోని క్వార్ట్జ్ స్ఫటికం వేడిని బట్టి కంపించే వేగాన్ని మార్చుకుంటుంది. నడుముకు కట్టుకున్న రిసీవర్ ఆ మార్పును డిగ్రీలుగా చూపుతుంది. 1998లో 77 ఏళ్ల వయసులో రెండోసారి అంతరిక్షానికి వెళ్లిన జాన్ గ్లెన్ ఈ మాత్రను మింగారు. 2019లో దోహాలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో ఉక్కపోతలో పరుగెత్తిన క్రీడాకారులు ఫ్రెంచ్ కంపెనీ తయారుచేసిన క్యాప్సూళ్లు మింగారు. ఆ క్యాప్సూల్ పొడవు 18 మిల్లీమీటర్ల లోపు, మందం 9 మిల్లీమీటర్లు, బరువు 2 గ్రాముల లోపు.

కచ్చితత్వంలో వీటికి వంక పెట్టడానికి లేదు. డిగ్రీలో పదో వంతు, రెండు పదో వంతుల తేడాతో కొలుస్తాయి. అయితే ఇవన్నీ పుట్టింది ఒకే పని కోసం. వడదెబ్బ, చలి, కఠిన వ్యాయామం లాంటి వేళల్లో ఒంటి లోపలి ఉష్ణోగ్రత తెలుసుకోవడానికి. పేగు ఇక్కడ కొలత తీసే చోటు మాత్రమే. పేగు ఉష్ణోగ్రత ఒంటి లోపలి ఉష్ణోగ్రతకు చక్కటి ప్రతినిధి కాబట్టే క్రీడా వైద్యులు దీన్ని నమ్ముతున్నారు. ఇదే గుణం పేగుపూత దగ్గరికి వచ్చేసరికి లోపంగా మారుతుంది. ఒంటి వేడి మారితే కొలత మారుతుంది. ఆ మార్పులోంచి పూత వాటాను విడదీయాలి.

అర డిగ్రీలో ఎన్ని కారణాలు?

ఆరోగ్యవంతుడి ఒంటి వేడే రోజులో అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా మారుతుంది. తెల్లవారుజామున తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. స్త్రీలలో అండం విడుదలైన తర్వాత నెలసరి వచ్చేదాకా మూడు నుంచి ఐదు పదో వంతులు పెరిగి ఉంటుంది. ఒళ్లొంచి పనిచేస్తే 38 దాటడం మామూలే. మే నెల ఎండలో ఉపాధి పనికో వరికుప్పల దగ్గరికో వెళ్లినవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. భోజనం తర్వాత కొంచెం పెరుగుతుంది. పారాసిటమాల్ వేసుకుంటే జ్వరం దాగిపోతుంది. ఐబీడీకి వాడే స్టెరాయిడ్లూ అంతే. పూత మిగిలే ఉన్నా వేడి కనిపించకపోవచ్చు.

క్యాప్సూల్‌కు సొంత ఇబ్బందులూ ఉన్నాయి. మింగిన కొత్తలో చన్నీళ్లు తాగితే అది చూపే అంకె ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే క్రీడా పరిశోధకులు పోటీకి కొన్ని గంటల ముందే మింగిస్తారు. చిన్నపేగులోకి దిగాక కూడా చల్లటి పానీయాల ప్రభావం కొన్నిసార్లు కనిపిస్తుంది. పైగా మామూలు క్యాప్సూల్ తాను పేగులో ఎక్కడుందో చెప్పలేదు. ఒకరిలో ఒక రోజులో బయటికి వస్తుంది, మరొకరిలో మూడు నాలుగు రోజులు పట్టొచ్చు. విరేచనాలు అవుతున్నవారిలో పరుగున పోతుంది. రాత్రి 2 గంటలకు 37.4 డిగ్రీలు నమోదైతే అది చిన్నపేగు చివరిదో, పెద్దపేగు మొదటిదో తెలియకుండా పూత ఫలానా చోట ఉందని చెప్పడం కుదరదు.

జంతువులలో వచ్చిన ఫలితాలను తెచ్చి అతికించేటప్పుడూ జాగ్రత్త అవసరం. చిట్టెలుకల్లో తీవ్రమైన ఇన్‌ఫ్లమేషన్ వస్తే తరచూ ఒంటి వేడి పెరగదు, తగ్గుతుంది. అంత చిన్న శరీరం వేడిని నిలుపుకోలేదు.

పాదం నేర్పిన పాఠం, గుండె నేర్పిన పాఠం

వేడిని బట్టి ఇన్‌ఫ్లమేషన్‌ను పట్టుకునే ప్రయత్నం వైద్యంలో ఇది మొదటిది కాదు. ఒకచోట అద్భుతంగా ఫలించింది, మరోచోట నిలిచిపోయింది.

ఫలించింది మధుమేహుల పాదాల విషయంలో. స్పర్శ తెలియని పాదంలో పుండు పడకముందే అక్కడ వేడి పెరుగుతుంది. రోజూ రెండు పాదాలనూ అవే చోట్ల కొలిచి, 2.2 డిగ్రీల సెల్సియస్ కన్నా ఎక్కువ తేడా ఉంటే నడక తగ్గించి వైద్యుణ్ని కలవమని చెప్పారు. 2000ల తొలి దశకంలో అమెరికాలో జరిగిన ప్రయోగాల్లో ఇలా చేసినవారికి పుండ్లు తగ్గాయి. ఇక్కడ మూడు అనుకూలతలున్నాయి. పాదం సహజంగా చల్లగా ఉంటుంది. పోల్చుకోవడానికి పక్కనే రెండో పాదం ఉంది. ఎక్కడ కొలుస్తున్నామో కంటికి కనిపిస్తుంది.

నిలిచిపోయింది గుండె రక్తనాళాల్లో. నాళాల్లో పేరుకున్న కొవ్వు పాచిలో ఇన్‌ఫ్లమేషన్ కణాలు గుమికూడిన చోట వేడి ఎక్కువని టెక్సస్ పరిశోధకులు 1996లో లాన్సెట్‌లో చూపారు. ఆపరేషన్‌లో బయటికి తీసిన పాచి మీద చేసిన కొలతలవి. 1999లో ఏథెన్స్ వైద్యులు రోగుల గుండె నాళాల్లోకే థర్మామీటరు తీగ పంపి కొలిచారు. గుండెపోటును ముందే పసిగట్టవచ్చన్న ఆశ రేగింది. అయితే పారుతున్న నెత్తురు ఆ వేడిని ఎప్పటికప్పుడు కడిగేస్తుందని, అందువల్ల నిజమైన తేడా కొలతకు అందదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఆ పద్ధతి రోజువారీ వైద్యంలోకి రాలేదు.

పేగు ఈ రెంటిలో దేనికి దగ్గర? సహజంగా వెచ్చన, చుట్టూ దండిగా నెత్తురు, పోల్చుకోవడానికి రెండో పేగు లేదు. గుండెనాళానికే దగ్గర.

అయితే ఈ దారి మూసుకుపోయినట్టేనా?

కాదు. ప్రశ్నను కాస్త మార్చాలి. పూత ఎక్కడ ఉందో వేడి చెప్పలేకపోవచ్చు. కానీ ఒక మనిషి లోపలి ఉష్ణోగ్రత తన మామూలు తీరు నుంచి పక్కకు జరిగిందా అన్నది చెప్పగలదు. రాత్రి నిద్రలో, అన్నపానీయాలూ కదలికలూ లేని వేళ, వరసగా కొన్ని రాత్రుల కొలతలు తీసి అదే మనిషి పాత కొలతలతో పోలిస్తే పైన చెప్పిన గందరగోళం చాలావరకు తగ్గుతుంది. దానికి నాడి వేగం, నిద్ర, మలపరీక్ష ఫలితాలను జోడిస్తే బలం పెరుగుతుంది.

ఈ దిశలో బయటి పరికరాలు ఇప్పటికే ముందుకెళ్లాయి. మౌంట్ సినాయ్ పరిశోధకులు 300 మందికి పైగా ఐబీడీ రోగులకు స్మార్ట్‌వాచ్‌లు, ఉంగరాల లాంటి పరికరాలు తొడిగి, గుండె లయలోని హెచ్చుతగ్గులు జబ్బు తిరగబెట్టడానికి ఏడు వారాల ముందునుంచే మారుతున్నట్టు 2025లో ప్రకటించారు. అమెరికాలోనే టెక్సస్ విశ్వవిద్యాలయం డాలస్ శాఖలో శాలినీ ప్రసాద్ బృందం చెమటలోని ఇన్‌ఫ్లమేషన్ ప్రొటీన్లను కొలిచే పట్టీలపై పనిచేస్తోంది. మింగే పరికరాల్లోనూ వేడి ఒక్కటే కాదు. పేగులో నెత్తురును పసిగట్టే బ్యాక్టీరియాను చిప్‌తో కలిపిన క్యాప్సూల్‌ను ఎంఐటీ పరిశోధకులు 2018లో పందుల్లో పరీక్షించారు. అదే ఏడాది ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పేగులోని వాయువులను కొలిచే క్యాప్సూల్‌ను మనుషులతో మింగించారు. నెత్తురు, వాయువులు పేగుకు సంబంధించినవే. వేడిలా ఒళ్లంతటికీ చెందినవి కావు. అందుకే వాటికి అవకాశం ఎక్కువ. ఉష్ణోగ్రత వాటికి తోడుగా ఉపయోగపడొచ్చు.

అంకెలు అడగాల్సిన ప్రశ్నలు

రేపు ఏ కంపెనీ అయినా వేడిని బట్టి పూతను కనిపెడతామంటూ వస్తే ఒక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి. మాటవరసకు, బాగానే ఉన్న వంద మంది ఐబీడీ రోగుల్లో పది మందికి లోపల పూత మొదలైందనుకుందాం. పరికరం నూటికి 80 పాళ్లు సరిగ్గా చెబుతుందనుకుందాం. పది మందిలో ఎనిమిది మందిని పట్టుకుంటుంది. మిగతా 90 మందిలో 18 మందికి లేని పూత ఉందంటుంది. మొత్తం 26 హెచ్చరికల్లో నిజమైనవి ఎనిమిదే. అంటే ప్రతి మూడు హెచ్చరికల్లో రెండు ఉత్తవి. నూటికి 80 అన్న అంకె ఎంత ఘనంగా వినిపించినా, ఫలితం ఇదీ. ఆ 18 మందిలో ఎంతమందికి అనవసరంగా కొలనోస్కోపీ చేస్తారు, ఎంతమందికి స్టెరాయిడ్ రాస్తారు అన్నది రోగుల మీద పడే భారం.

కాబట్టి అడగాల్సినవి ఇవి. పరికరం ఫలితాన్ని కొలనోస్కోపీతో పోల్చారా, లేక రోగి చెప్పిన బాధతోనే పోల్చారా? పూత లేనివారినీ ఇన్‌ఫెక్షన్ విరేచనాలు ఉన్నవారినీ కలిపి పరీక్షించారా? కాల్‌ప్రొటెక్టిన్ కన్నా అదనంగా ఏం చెప్పింది? అన్నిటికన్నా ముఖ్యం, దాని ప్రకారం మందు మార్చినవారు మార్చనివారికన్నా బాగున్నారా?

క్రోన్స్ రోగులకు ఇంకో ప్రమాదం ఉంది. పేగు ఇరుకైనచోట క్యాప్సూల్ ఇరుక్కుపోవచ్చు. కెమెరా క్యాప్సూళ్లతో ఈ అనుభవం ఉంది. నూటికి కొద్దిమందిలోనే జరిగినా, ఆపరేషన్ దాకా పోవచ్చు. అందుకే ఇరుకు ఉందన్న అనుమానం ఉంటే ముందు కరిగిపోయే ఉత్తుత్తి క్యాప్సూల్ ఇచ్చి దారి ఉందో లేదో చూస్తారు. థర్మామీటరు క్యాప్సూల్ కెమెరా క్యాప్సూల్ కన్నా చిన్నదే అయినా ముప్పు పూర్తిగా పోదు. అది బయటికి వచ్చేదాకా ఎంఆర్ఐ చేయించుకోకూడదు.

మన దగ్గర అదనపు మెలిక

ప్రపంచంలోని క్షయ కేసుల్లో దాదాపు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నాయి. పేగు క్షయ, క్రోన్స్ రెండూ చిన్నపేగు చివరి భాగాన్నే ఇష్టపడతాయి. రెండింటిలోనూ కడుపునొప్పి, బరువు తగ్గడం, సాయంత్రం పూట జ్వరం ఉంటాయి. బయాప్సీ తీసి చూసినా తేల్చడం ఒక్కోసారి కష్టం. వేడి పెరిగిందని చెప్పే పరికరం ఇక్కడ ఏమీ తేల్చదు. పైగా తప్పుదారి పట్టించవచ్చు. క్షయ ఉన్న రోగికి క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లో, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి బయోలాజిక్ మందులో మొదలుపెడితే క్షయ ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. క్రోన్స్ ఉన్నవారికి నెలల తరబడి క్షయ మందులు వాడితే ఈలోగా పేగు పాడవుతుంది. అమీబియాసిస్, టైఫాయిడ్ లాంటి మామూలు ఇన్‌ఫెక్షన్లూ వేడిని పెంచుతాయి. ఐరోపాలో పనికొచ్చిన గీత మన దగ్గర అదే చోట గీయడం కుదరదు.

ప్రస్తుతం ఐబీడీ వైద్య మార్గదర్శకాల్లో పేగు ఉష్ణోగ్రతకు చోటు లేదు. రోగులకు అందుబాటులో ఉన్నవి సీఆర్‌పీ, కాల్‌ప్రొటెక్టిన్, అల్ట్రాసౌండ్, అవసరాన్ని బట్టి కొలనోస్కోపీ. బాగానే ఉన్నామనిపించినా వైద్యుడు చెప్పిన గడువుకు ఇవి చేయించుకోవడమే నిశ్శబ్దపు పూతకు ఇప్పటికున్న విరుగుడు. బాధ లేదని మెసాలమిన్, అజాథయోప్రిన్ లాంటి మందులు మానేయడం, బాధ ఉందని పాత చీటీ చూపి మందుల షాపులో స్టెరాయిడ్ కొనుక్కోవడం రెండూ ప్రమాదమే.

ఇంటి థర్మామీటరును తక్కువ చేయనక్కర్లేదు. అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవారికి రోజుకు ఆరుసార్లు పైబడి నెత్తుటి విరేచనాలు అవుతూ, సాయంత్రాల్లో 37.8 డిగ్రీలు, అంటే 100 ఫారెన్‌హీట్, తాకుతుంటే పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్నవారికి ఏ జ్వరమైనా ఫోన్ చేసి వైద్యుడికి చెప్పాల్సిన విషయమే. ట్రూలవ్, విట్స్ 1955లో రాసిపెట్టిన ఈ వేడి ఇప్పటికీ ప్రాణాలు కాపాడుతోంది. పేగు లోపలి అర డిగ్రీ అంత పని చేస్తుందని నిరూపించాల్సిన బాధ్యత మాత్రం దాన్ని అమ్మదలచుకున్నవారిదే.